నిండుకున్న గాదిల్లు

ఆ వానాకాలం మా ఊళ్ళో జరిగిందంతా ఒక్క మాట వల్ల జరిగింది. అది అబద్ధమని మా ఆయన ధర్మ ఇప్పటికీ అంటాడు. మా అత్త సోములమ్మ ఒప్పుకోదు. ఇద్దరికీ మధ్య కూర్చుని చోడి అంబలి కలిపేదాన్ని నేనే కాబట్టి, నేను చూసింది చూసినట్టు చెబుతాను.

అరకు నుంచి లోపలికి వచ్చి ఒక కొండ ఎక్కి దిగితే మా ఊరు. ఊరికి ఈ చివర మా ఇల్లు, మా పెరట్లో గాదిల్లు. పెరట్లో అన్నానని చిన్న కొట్టు అనుకోకండి. నడుమెత్తు రాతి అరుగు, దాని మీద గుగ్గిలం మాను స్తంభాలు, వెదురు తడికకి లోపలా బయటా మట్టి మెత్తిన గోడలు, పైన గూనపెంకు. ఊరంతా పెళ్ళిభోజనానికి కూర్చున్నా పట్టేంత పొడుగు. కొండ ఊళ్ళ శిస్తు వసూలు చేసే ముఠాదారుల కాలంలో ఆ ధాన్యం పొయ్యడానికి కట్టించారట. ముఠాదార్లు పోయారు, గాదిల్లు ఊరికి మిగిలింది. లోపల ఇంటికొక అర. కోతలవగానే ఎవరి చోళ్ళు, అంటే రాగులు, ఎవరి సామలు వాళ్ళు తెచ్చి తమ అరలో పోసుకునేవారు. తాళంచెవి మాత్రం మొదట్నుంచీ మా అత్తవారింటి చూరులోనే.

నేను కాపురానికి వచ్చేసరికే ఆ తలుపు మూసి ఉంది. కొండవాలంతా కాఫీ, మిరియాలు. తినడానికి కోటా బియ్యం. గాదిలో పొయ్యడానికి ఎవరిదగ్గరా గింజ లేదు. గాదికేమో ఒక కట్టుబాటు ఉంది: ఒట్టి చేతులతో తలుపు తియ్యకూడదు. కొత్త పంట నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్ళే తియ్యాలి. పంట లేదు, తలుపు తియ్యలేదు. డిగ్రీలో చరిత్ర చదివి వచ్చిన కోడల్ని, పెరట్లో ఉన్న చరిత్రకి గుమ్మం ఇవతలే ముగ్గు వేస్తూ గడిపాను.

ధర్మ జీపు నడుపుతాడు. టూరిస్టుల్ని తిప్పుతాడు. ఉండటానికి గది దొరుకుతుందా అని వాళ్ళు అడిగినప్పుడల్లా మా ఆయన కళ్ళు పెరటివైపు పోయేవి.

"ఆ రాయి, ఆ కర్ర, ఆ జాగా! పడగొట్టి రెండు గదులేసుకుంటే మన బతుకు మారిపోద్ది నిర్మలా. ఊరోళ్ళు కూడా మీ పెరడు మీ ఇష్టమంటన్నారు. అమ్మొక్కతే అడ్డం."

అత్త అడ్డంపడటం అంటే అరవడం, ఏడవడం కాదు. ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి గాదిల్లు అరుగు ఊడ్చేది. అంతే. ఊడ్చిందే ఊడ్చేది.

ధర్మ జీపెక్కిన ఎవరో మా పెరటి ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. ఆ ఫొటో చూసి, తొలకరి పడిన వారానికి సాయిదుర్గ అనే అమ్మాయి విశాఖపట్నం నుంచి వచ్చింది. పాత కట్టడాలు బాగుచేయించే ఒక సంస్థలో ఇంజినీరు. బురద చెప్పులు విడిచి, గాదిల్లు చుట్టూ తిరిగింది. అరుగు రాళ్ళ అతుకుల మీద వేలు నడిపించింది. స్తంభాన్ని కౌగిలించుకుని చేతులు అందుతాయో లేదో చూసింది. అందలేదు.

"తలుపు తీస్తారా అమ్మమ్మా?" అని మా అత్తని అడిగింది.

"తియ్యకూడదమ్మా."

"పోనీ, లోపల ఏముందో చెప్పండి."

అత్త గాదివైపు తిరిగింది. పసిపిల్ల నిద్రపోతున్న చోట మాట్లాడినట్టు గొంతు తగ్గించి, "నిండుకుందమ్మా," అంది.

సాయిదుర్గ మొహం వెలిగిపోయింది. "నిండుగా ఉందా! ఇంత పాత గాదె ఇంకా వాడుకలో ఉందా!"

నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను. గింజలు అయిపోయాయి అనకూడదు మనలో. ఆ మాట ఇంటికి అరిష్టం. అందుకని బియ్యం నిండుకున్నాయి, ఉప్పు నిండుకుంది అంటాం. దీపం ఆరిందని అనలేక కొండెక్కింది అన్నట్టే ఇదీనూ. ఇంగ్లీషు బళ్ళో చదువుకున్న ఆ పిల్లకి ఇది చెప్పేవాళ్ళు లేకపోయారు.

సరిచెయ్యడానికే నోరు తెరిచాను. అప్పటికే ఆ అమ్మాయి ఫోనులో పెద్దాయన ఎవరితోనో మాట్లాడేస్తోంది. "అవును సర్, ఇప్పటికీ ధాన్యం నిల్వ ఉంది సర్, ఫుల్ అంటున్నారు." ఫోను పెట్టేసి నావైపు తిరిగింది.

"పాడుబడ్డవాటికి మా సంస్థ చెయ్యి పెట్టదండి. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతాం. వాడుకలో ఉన్నవాటినే బాగుచేస్తాం. మీది చేస్తాం! అరల్లో మీ ధాన్యం అలాగే ఉంటుంది. నడిమధ్య చోటు ఊరందరిదీ. పండగలకి, మీటింగులకి, థింసా ఆటకి. బయటివాళ్ళు వచ్చి మీ పంటలు చూస్తారు, మీ పాటలు వింటారు. కోతలయ్యాక మా పెద్దవాళ్ళు వచ్చి చూసి ప్రారంభిస్తారు."

తెరిచిన నోరు మూసుకున్నాను. కొండమీద పుట్టినదాన్ని. పండు దానంతటది కొంగులో పడితే, తీసుకెళ్ళి మళ్ళీ కొమ్మకి కట్టను.

ఆ సాయంత్రం సంగతి విని ధర్మ పగలబడి నవ్వాడు.

"కోతలకి ఒచ్చి, లోన సూసి, మొహం ఏలాడేసుకుని ఎల్లిపోతారు. సరే అమ్మా, అందాక నాను ఆగుతాను. ఆ తరవాత నువ్వు సీపురు పట్టుకుని అరుగెక్కకు. పెంకు దింపీడమే."

అత్త నవ్వలేదు. చింతపండు గింజ తీస్తున్న చేతులు ఆగిపోయాయి.

"గాది ముందర నిలబడి అన్న మాటే అది," అంది.

"నువ్వు తప్పేటన్నావత్తా? ఉన్నదే కదా అన్నావు," అన్నాను.

"నా నోట నిండుకుందనే ఒచ్చినాది. ఆ పట్నం గుంట సెవిలో నిండిందని పడ్డాది. సెవిలో పడ్డ మాట గాదిలో పడాల."

"పడాలంటే?"

"ఇత్తనాలు సూడు."

మర్నాడు నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళకి చెప్పాను. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు, అంత నవ్వు. పక్కింటి రత్నాలైతే, "ఇన్నాళ్ళూ నాకు తెల్దు! మా ఆయన జేబు నిండుకుందని ఆ గుంటకి సెప్తే బేంకోళ్ళు ఇంటికొచ్చీవోరే!" అంది. నవ్వులు అయ్యాక ఒక్కొక్కరూ బిందె ఎత్తుకుంటూ, వెళ్ళబోతూ ఆగి, "మరి గాది పడగొట్టెత్తారేటి?" అని అడిగారు. అడగనిది ఒక్కరూ లేరు. మీ పెరడు మీ ఇష్టం అన్నవాళ్ళే.

చోడి విత్తనం పైకొండ మీద మా కన్నవారి ఊళ్ళో దొరికింది. సామలు సంతలో దొరికాయి. కాఫీ మొక్క పట్టని రాతివాలు ఊరికి ఉత్తరాన చాలా ఏళ్ళుగా పడి ఉంది. తుప్పలు కొట్టాం. ముహూర్తాలు పెట్టే దిసారి సుక్రు తాత విత్తే రోజు చెప్పాడు. చెప్పి, తానూ ఒక పిడికెడు తెచ్చి చల్లాడు. చోడి చల్లడం మరిచిపోయామనుకున్నాం గాని చేతులు మరిచిపోలేదు.

"ఆపీసర్ల కోసం యవసాయం సేత్తన్న ఊరు దేశం మొత్తం మీద మనదే," అని ధర్మ జీపు హారన్ కొట్టుకుంటూ పోయేవాడు.

శ్రావణంలో వాన కాస్త తెరిపిచ్చాక సంస్థ పని అప్పగించిన కంట్రాక్టరు వరహాలరావు సాలూరు నుంచి దిగాడు, లారీడు పెంకుతో, బుగ్గనిండా కిళ్ళీతో.

"ఏటమ్మా, తలుపు తియ్యండి బేగి. లోపల గోడ గీకీసి సిమెంటు కొట్టీసి రంగులేసీమంటే, కొత్త కల్యాణమండపమే."

అత్త గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుని కూర్చుని అల్లం ఆరబోసుకుంటోంది.

"కోతలకి తీత్తాం."

"కోతలకా! అందాక నా మనుషులకి నువ్వెడతావా కూడు?"

"పెంకు పైనున్నాది కదా. పైకెక్కడానికి తలుపెందుకు నీకు?"

గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు. మనుషులు పాత పెంకు దింపారు. పెంకు కింద దూలాల మీద ఇంకో మట్టి అటక ఉంది, నిప్పు పడినా ఎలుక దిగినా లోపలికి పోకుండా. వరహాలరావు దాని మీదికి దిగి, గట్టిదా కాదా అని కాలితో తన్నాడు. డప్పు కొట్టినట్టు మోగింది. ఇంకోచోట తన్నాడు. అక్కడా అంతే. అంచుకొచ్చి కిందికి వంగి చూశాడు.

"ఓ పెద్దమ్మా! నిండుకుండ తొణకదంటారు. నీ గాదేటి, ఇలగ మోగతన్నాది?"

అత్త తల ఎత్తలేదు. "నిండుకుంది బాబూ."

వరహాలరావు నోట్లో కిళ్ళీ నమలడం ఆగింది. సాలూరు మనిషి, తల్లి పాలతో తెలుగు తాగినవాడు. విడమరచి చెప్పనక్కర్లేదు.

"ఓలమ్మో! సిమెంటు బస్తాలు పెట్టుకోడానికి లోపల సోటుందేటని నానడిగితే, ఆ ఇంజినీరమ్మ ఫుల్లండీ, ఇంచు సోటు లేదండీ అన్నాది!"

నవ్వుతూ అక్కడే కూర్చుండిపోయాడు. అప్పుడు అతని కళ్ళకి ఎదురుగా ఉత్తరపు వాలు కనబడినట్టుంది. రాళ్ళ సందుల్లో చోడి పైరు, ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తున్నారు. చాలాసేపు చూశాడు. దిగి వచ్చేటప్పటికి గొంతు మారింది.

"నాను ఏటీ ఇనలేదు పెద్దమ్మా. నాకీ కుడిసెవి సరిగ్గా పన్జెయ్యదు," అన్నాడు. తరవాత ఆ వానాకాలమంతా, వచ్చినప్పుడల్లా ముందు పైరు ఎంత ఎదిగిందని అడిగి, ఆ తరువాతే తన మనుషుల్ని కేకేసేవాడు.

కార్తీకంలో వలిసె చేలు పూశాయి. లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది ఆ రోజుల్లో. టూరిస్టులు తీర్థంలా వస్తారు. ధర్మకి అన్నం తినడానికి తీరుబడి ఉండదు. మా చోళ్ళు కూడా అప్పుడే కోతకొచ్చాయి. వెన్నులు కోసి, కళ్ళం చేసి, దులిపి, చెరిగాం. పెద్ద పంట కాదు. రాతివాలు ఏపాటి ఇస్తుందో అంత ఇచ్చింది. ఇంటికొక గంప వచ్చింది.

సుక్రు తాత చెప్పిన రోజు పొద్దున మంచు ఇంకా విడలేదు. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని అరుగు మెట్ల కింద వరసగా నిలబడ్డారు. పెద్దవాళ్ళ రాకకి ఇంకా వ్యవధి ఉన్నా, తలుపు తీసేటప్పుడు చూడాలని సాయిదుర్గ ఒక్కతే ముందుగా వచ్చేసింది. పైకప్పు అప్పగించడానికి వచ్చిన వరహాలరావు, జరగబోయేది తెలిసినవాడు కాబట్టి, స్తంభం చాటున నిలబడ్డాడు. ధర్మ జీపు పక్కనే ఉన్నాడు గాని దగ్గరికి రాలేదు.

అత్త తన గంపలోంచి పిడికెడు చోళ్ళు కొంగులో కట్టుకుని, గంప నా నెత్తిన పెట్టింది. తాళం తీసింది. తలుపు బిగుసుకుపోయి ఉంది. భుజం ఆనించి తోసింది. మూలిగి తెరుచుకుంది.

ముందు వాసన వచ్చింది. ఎండిన మట్టి, పాత చోళ్ళు, పొగ, ఇంకా పేరు తెలియనిదేదో. చంటిపిల్ల తల వాసన లాంటిది. తలుపులోంచి పడిన వెలుతురు నేల మీద చాపలా పరుచుకుంది. దాని పక్కన అంతా చీకటి, చల్లదనం. కళ్ళు అలవాటుపడేకొద్దీ స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి, వెనక్కి కనబడుతూ పోయాయి, మాను మాను మధ్య నడుముదాకా మట్టిగోడలు కట్టిన అరలతో. కాలేజీ రోజుల్లో బొర్రా గుహల్లో నిలబడ్డాను. అక్కడా ఇంతసేపు తలెత్తి చూడలేదు. అది దేవుడి పని. ఇది మనుషులు చేశారు, మా ఇంటి మనుషులు. నేను ముగ్గు వేసిన గుమ్మానికి అవతల ఇది ఉంది, ఇన్నాళ్ళూ.

సాయిదుర్గ ఫోను దీపం వేసుకుని నా వెనకే వచ్చింది. ఈ అరలోకి, ఆ అరలోకి వెలుగు పట్టి చూసింది.

"ఇదేమిటి! అంతా ఖాళీగా..."

"అమ్మమ్మమ్మ!" మెట్ల మీది ఆడవాళ్ళు ఒక్కసారే అరిచారు. రత్నాలు గంప అలాగే పట్టుకుని లోపలికి వచ్చి, ఇంకో చేత్తో ఆ పిల్ల నోరు మూసేసింది. "గాదింట్లో ఆ మాటనకే తల్లీ!"

"నిండుకుంది అనాల," అంది అత్త నెమ్మదిగా.

సాయిదుర్గ అత్తని చూసింది. నన్ను చూసింది. నా కొంగు అప్పటికే నోటికి అడ్డం ఉంది. ఏ రోజు ఏ మాట విందో ఆ పిల్ల కళ్ళలో ఒక్కొక్కటే వెనక్కి తిరగడం కనబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను మా సర్‌కి... ఫుల్ అని... మరి ఈ గంపలు?"

"ఆ మాట కోసరమే ఏసినాం," అంది అత్త. "నోరు నాది, సెవి నీది. తగువేటి లేదు. పక్కకి జరుగు, గింజలు దించాల."

గంపలు నడిమధ్య దించారు. సాయిదుర్గకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిరిగింది. గుమ్మం పక్కన పాత పెంకు సందులోంచి వాన కారి, మట్టి పెచ్చులు లేచి ఉన్న చోటది. ఊరికే చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు.

"నిర్మలక్కా. ఇలా రండి."

ఆ అమ్మాయి గొంతులో సిగ్గు లేదు ఇప్పుడు. దీపం పక్కవాటుగా పట్టింది. విరిగిన అంచు మెట్లుమెట్లుగా ఉంది, ఉల్లిగడ్డని కోసినట్టు. ఎరుపు, దానికింద తెలుపు, బూడిద రంగు, మళ్ళీ ఎరుపు. ఒక పొర వేలెడు మందం. ఒకటి ఉల్లిపొరంత పల్చన. ఒకటి నల్లగా మసి. ఒకదాంట్లో సామ పొట్టు మెరుస్తోంది. గోరుతో చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కొంతదూరం పోయాక లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తప్పింది. అసలు వెదురు తడిక ఇంకా లోపలెక్కడో ఉంది.

"ఏమిటివి అమ్మమ్మా?"

"ఏటేటా పూతలమ్మా," అంది అత్త. "గింజలు పొయ్యకముందు గోడకి కొత్త మట్టి పుయ్యాల. తాళంచెవున్న ఇంటి కోడలు పూసి, గుమ్మం పక్కన సెయ్యద్దాల. మరుసటేడు పూతలో ఆ సెయ్యి కప్పడిపోద్ది. ఆ ఏడుది ఆ ఏడు."

"ఈ పల్చటివి?"

అత్త దగ్గరికొచ్చి ఆ పొరని వేలితో తడిమింది. "నాను పుట్టకముందుది. నాకేటి తెల్సు? తిండి లేని ఏడేమో. సేతుల్లో బలం లేక పల్సగా పూసుంటారు." అంతకంటే తనకీ తెలియదు. ఆమె కూడా ఈ అంచుని ఇలా ఎప్పుడూ చూడలేదు. తన జీవితమంతా పైపూత చూసింది, పైపూత పూసింది. నోరు కాస్త తెరుచుకుని, మాలాగే చూస్తోంది.

పై పొర ఒకటి పెళుసుగా వేలాడుతుంటే, పడి విరిగిపోతుందేమోనని సాయిదుర్గ కింద చెయ్యి పెట్టింది. పళ్ళెమంత పెచ్చు మెల్లగా ఊడి ఆ చేతిలోకి వచ్చింది. పెచ్చు ఊడిన చోట, గోడ మీద, అరచెయ్యి. నిన్న అద్దినంత స్పష్టంగా, గీతలతో సహా. చిటికెనవేలు సగమే ఉంది.

సాయిదుర్గ చేతిలోని పెచ్చుని తిప్పింది. దాని వెనకవైపు, ఆ గుంటలో పడి ఆరిన మట్టి పైకి తేలి, నిజమైన చెయ్యిలా ఉబ్బి ఉంది. అరచేతి దిబ్బలు, వేళ్ళ కణుపులు, సగం తెగిన చిటికెనవేలు. గోడలోంచి ఎవరో మాకు చెయ్యి అందించినట్టుంది.

"మా అత్త," అంది సోములమ్మ. "యర్రమ్మ. కొడవలి తగిలి ఏలు పోనాది. ఆ మరుసటేడే నానొచ్చినాను. దీని మీద మొదటి పూత నాదే, ఆ తరవాతి పూతలు రాలిపోనాయి. నానే కప్పీసినాను."

పెచ్చుని అందుకుని, ఆ మట్టిచేతిలో తన చెయ్యి కలిపింది. సరిగ్గా పట్టింది.

"సల్లగున్నావత్తా," అంది.

నా వెనక రత్నాలు ముక్కు ఎగబీల్చడం వినబడింది. వరహాలరావు కిళ్ళీ ఉమ్మేసి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీశాడు. సిమెంటు మాట ఆ తరువాత అతని నోట నేను వినలేదు.

ఫొటో తీసిందా అంటే తీసింది సాయిదుర్గ. తియ్యకుండా ఉంటుందా. తీశాక, "దీన్ని అద్దాల పెట్టెలో పెడదాం అమ్మమ్మా. ఈ గోడ ముక్క కూడా ఇలాగే వదిలేద్దాం. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. వచ్చినవాళ్ళందరూ చూసి..." అంటూ మాట కోసం వెతుక్కుంది.

"సూసి?"

"ఆశ్చర్యపోతారు!"

"మనం పోనాం కదా. సాల్దా?" అంది అత్త. "మట్టి కలపండి. పొద్దెక్కిపోతన్నాది."

మట్టికి ఒక పద్ధతి ఉంది మాకు. కొత్త మట్టి ఒక్కటే పూస్తే గోడని పట్టుకోదంటారు. రాలిన పాత పూత నలిపి అందులో కలపాలి. దాన్ని తోడు అంటారు, పాలకి వేసినట్టే. అత్త వచ్చి ఆ పెచ్చుని నా చేతుల్లో పెట్టింది.

"తోడు నువ్వే ఎయ్యి. ఇన్నేళ్ళొచ్చినాయి, నీ సెయ్యి పడనేదు ఈ గోడ మీద."

"అత్తా, ఇదా? ఇంకో పెచ్చు ఉంది కదా..."

"తోడెయ్యని పాలు ఎన్నాళ్ళు దాస్తావు? ఇరిగిపోతాయి."

ఎత్తలేనంత బరువేం కాదది. అయినా వెయ్యలేక అలాగే పట్టుకుని నిలబడ్డాను. చదివిన చరిత్రంతా వద్దంటోంది. సాయిదుర్గ పెదవి కొరుక్కుని నన్నే చూస్తోంది. అప్పుడు పెరటి గుమ్మంలో జీపు వెనక తలుపు పడిన చప్పుడైంది. ధర్మ. టూరిస్టులు కూర్చునే సీట్ల మీద గోనెసంచులు పరిచి, గెడ్డ ఒడ్డు నుంచి ఎర్రమట్టి తెచ్చాడు. ఆ సీజన్లో, పొద్దున్నే, బేరం వదులుకుని. ఎప్పుడు వెళ్ళాడో నేను చూడలేదు. మట్టిని తొక్కే గుంటలో పోసి, నీళ్ళు వంపి, నా చేతుల్లో ఉన్నదాన్ని చూశాడు. వేళ్ళు చూశాడు. చిటికెనవేలు చూశాడు.

"ఈ సెయ్యి నా ఈపు మీద శానాసార్లు పడ్డాది," అన్నాడు. "బెల్లం దొంగిలించినప్పుడు." నవ్వబోయాడు. కుదరలేదు.

బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. గుంటలో దిగి, "ఎయ్యి నిర్మలా," అన్నాడు.

వేశాను. యర్రమ్మ చెయ్యి నీళ్ళలో ఒక్క క్షణం నిలబడింది. వేళ్ళ కొసలు ముందు కరిగాయి. తరువాత ధర్మ తొక్కడం మొదలుపెట్టాడు, మెల్లగా, నిద్రపోతున్నవాళ్ళ పక్కన నడిచినట్టు. ఎప్పుడో సాయిదుర్గ కూడా ఫోను పక్కన పెట్టి, చేతుల్లోకి మట్టి తట్ట అందుకుంది.

ఆ రోజంతా పూశాం. గుమ్మం పక్కన ఆ అరచేతి గుంట దగ్గరికి నన్నే పంపారు. తడిమట్టి ముద్ద తీసుకుని దాని మీద మెత్తాను. మెత్తుతున్నప్పుడు నా వేళ్ళు ఆ వేళ్ళలోకి దిగాయి. నాలుగు వేళ్ళు పూర్తిగా, ఐదోది సగం. ఆపైన నునుపు చేసి, నా చెయ్యి అద్దాను.

"అయితే ఆ గదులు ఇంటెనక పక్కకి కట్టుకుందామేటి," అన్నాడు ధర్మ, కాళ్ళు కడుక్కుంటూ, ఎవరివైపూ చూడకుండా. ఆ సాయంత్రం అత్త అరుగు ఊడవలేదు.

పూత ఆరాక అరల్లో గింజలు పోశాం. అరకి అడుగు భాగమే కప్పింది. పెద్దవాళ్ళు వచ్చిన రోజు మంచు ముసురులా కురుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. డప్పులు, తుడుములు అరుగు మీద మోగుతుంటే ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని నడిమధ్య చోటులో థింసా ఆడారు. గాదిల్లు మొత్తం వాళ్ళ అడుగులకి గుండెలా కొట్టుకుంది. ముఠాదారు శిస్తు కోసం కట్టించిన ఇల్లు. పిల్లలు అరగోడల మీదికెక్కి కూర్చున్నారు. చలికి జనం లోపలికి, ఇంకా లోపలికి ఒత్తుకుంటున్నారు.

సాయిదుర్గ తన పెద్దాయనని అత్త దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన చేతిలో మైకు ఉంది. ఆ అమ్మాయి ఆయన చెవిలో ఏం చెప్పిందో, మర్యాదగా, జాగ్రత్తగా అడిగాడు: "అమ్మా, ఇప్పుడు గాదె నిండిందా?"

డప్పులు ఆగాయి. వరహాలరావు తన చెడ్డచెవి పక్కన చెయ్యి దొన్నెలా పట్టాడు.

అత్త అరల్లోకి చూసింది. గుమ్మం పక్కన కొత్త పూత మీది నా చేతిగుర్తు చూసింది. తరువాత ఆయన భుజం మీదుగా, మెట్ల మీద మంచులో తడుస్తూ నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్న పైకొండ వాళ్ళని చూసింది. మైకు సంగతి మరిచిపోయి గట్టిగా కేకేసింది.

"అక్కడే నిలబడ్డారేటి? రండి, రండి. ఇంకా సోటుంది."